రెజ్యూమే రాద్దాం, 5వ పాఠం: ఆ 30 శాతం ఎక్కడి నుంచి వచ్చింది?

ఈసారి చదువు, ప్రాజెక్టుల భాగం ఎలా రాయాలో చెప్తానని మాటిచ్చాను. చెప్తాను, కాకపోతే చివర్లో, కొద్దిగా. ముందు నాలుగో పాఠం వల్ల జరిగిన నష్టాన్ని సరిచేయాలి. అందులో నా తప్పు కూడా ఉంది.

కిందటి పాఠంలో నేను చెప్పింది ఒక్కటే. చేసిన పని పేరు రాసి ఊరుకోకండి, ఎంత చేశారో అంకెతో చెప్పండి అన్నాను. దానికి ఒకే ఒక్క ఉదాహరణ ఇచ్చాను. అందులో "డెలివరీ ఆలస్యాలు 30 శాతం తగ్గాయి" అని ఉంది. ఒక్కదానితో సరిపెట్టడమే నేను చేసిన పొరపాటు. తర్వాత మీరు పంపిన రెజ్యూమేలు చదువుదామని ఒక ఆదివారం కూర్చున్నాను. తొమ్మిది చదివితే ఆరింటిలో 30 శాతం కనిపించింది. మందుల ఏజెన్సీలో స్టాకు చూసే అబ్బాయి "స్టాకు నిర్వహణ సామర్థ్యం 30 శాతం పెంచాను" అని రాశాడు. టెలికాలర్‌గా చేసే అమ్మాయి "కస్టమర్ల సంతృప్తి 30 శాతం పెరిగింది" అని రాసింది. బీటెక్ ఇంకా పూర్తికాని కుర్రాడు, కాలేజీ ఫెస్ట్ కమిటీలో ఉన్నందుకు, "టీమ్ పనితీరు 30 శాతం మెరుగుపరిచాను" అన్నాడు.

వీళ్లెవరూ మోసం చేద్దామని రాయలేదు. అంకె వేయమన్నాను, వేశారు. కానీ ఆ కాగితం అలాగే ఇంటర్వ్యూ గదిలోకి వెళ్తే ఏం జరుగుతుందో నాకు తెలుసు. పదహారేళ్లు నేను ఆ గదిలో ప్రశ్నలు అడిగే కుర్చీలో కూర్చున్నాను. అందుకే మందుల ఏజెన్సీ అబ్బాయికి ఫోన్ చేశాను.

"బాబూ, ఈ 30 శాతం ఎక్కడి నుంచి వచ్చింది?"

"మీరే అంకె ఉండాలన్నారు కదా మేడమ్."

"సామర్థ్యం అంటే దేన్ని లెక్కపెట్టావు?"

జవాబు లేదు.

"సరే, అది పక్కన పెట్టు. పొద్దున గోడౌన్ తాళం తీసిన దగ్గర్నుంచి నువ్వు ఏమేం చేస్తావో చెప్పు."

అప్పుడు మొదలుపెట్టాడు. గోడౌన్‌లో 1,800 రకాల మందులు ఉన్నాయట. అతను చేరకముందు గడువు తేదీలు ఏడాదికి ఒక్కసారి, మార్చి లెక్కలప్పుడు చూసేవాళ్లట. అప్పటికే తేదీ దాటిపోయిన సరుకు కంపెనీ వెనక్కి తీసుకోనంటే నష్టం ఏజెన్సీదే. ఇతను నెలకి రెండుసార్లు ర్యాకులన్నీ చూస్తాడు. మూడు నెలల్లో గడువు అయిపోయేవన్నీ ఒక ర్యాకులోకి మార్చి, జాబితా రాసి సేల్స్ వాళ్లకి ఇస్తాడు. అవి ముందు అమ్ముడుపోతాయి, మిగిలినవి సమయానికి వాపసు వెళ్తాయి. ఇదంతా గుక్కతిప్పుకోకుండా చెప్పాడు. ఇన్ని సొంత అంకెలు ఉన్నవాడు నా దగ్గర 30 అరువు తీసుకున్నాడు.

ఇద్దరం కలిసి ఇలా మార్చాం:

"1,800 రకాల మందుల స్టాకు చూస్తాను. ఏడాదికి ఒకసారి జరిగే గడువు తేదీల తనిఖీని నెలకి రెండుసార్లు జరిగేలా మార్చాను. మూడు నెలల్లోపు గడువు ముగిసే సరుకు జాబితాను ప్రతి 15 రోజులకీ సేల్స్ టీమ్‌కి ఇస్తాను."

ఇందులో శాతం అన్న మాటే లేదు. ఎదుటివాళ్లు ఏ ముక్క పట్టుకుని అడిగినా అతను పది నిమిషాలు తడబడకుండా మాట్లాడగలడు. నేను కోరేది అదే.

రెజ్యూమే చివరికి ఇంగ్లీషులోనే వెళ్తుంది, అది తెలిసిందే. కానీ నేను నాది ఎప్పుడూ ముందు తెలుగులోనే రాసుకుంటాను. మీ చేత కూడా అలాగే రాయిస్తాను. తెలుగులో "నిర్వహణ సామర్థ్యాన్ని పెంపొందించితిని" అని రాయడానికి ఎవరికీ చెయ్యి రాదు, ఏం చేశామో అదే వస్తుంది. నేరుగా ఇంగ్లీషులో మొదలుపెడితే ఎక్కడో చదివిన పెద్ద మాటలు ముందుకొచ్చి కూర్చుంటాయి, చేసిన పని వాటి వెనక దాక్కుంటుంది. అనువాదం ఆఖరి రోజు పని. దానికి అరగంట చాలు.

ఇప్పుడు శాతంలో ఉన్న చిక్కు. శాతం ఒక్కటే ఉంటే దానికి అర్థం లేదు, దేనిలో అన్నది తెలియాలి. రోజుకి ఐదు ఆర్డర్లు వచ్చే షాపుకి ఏడు వస్తే 40 శాతం పెరిగినట్టే. నెలకి 5,000 ఆర్డర్లు వచ్చే చోట 5,200 అయితే పెరిగింది 4 శాతమే. చూడటానికి మొదటిది గొప్పగా ఉంది, రెండోదానిలో 200 ఆర్డర్ల పని ఉంది. అందుకే నేను ఒక హద్దు పెట్టుకున్నాను. మొదట ఉన్న సంఖ్య వంద దాటితేనే శాతం రాస్తాను, లేకపోతే ఇంత నుంచి ఇంతకి అని అసలు అంకెలే రాస్తాను. ఈ హద్దు ఏ పుస్తకంలోనూ ఉండదు, ఇది నా అలవాటు. మీకు యాభై సరిపోతుందనిపిస్తే యాభై పెట్టుకోండి.

అంకె కనిపించగానే అనుభవం ఉన్న ఇంటర్వ్యూయర్ అడిగేవి నాలుగు ప్రశ్నలు. దేనిలో? ఎన్నాళ్లలో? ఎవరు లెక్కపెట్టారు? అందులో మీ చెయ్యి ఎంత? మొదటి మూడూ దాటినవాళ్లు కూడా నాలుగోదాని దగ్గర ఆగిపోతారు. పన్నెండు మంది కలిసి చేసినదాన్ని "నేను" అని రాసి ఉంటారు, "మిగతా పదకొండు మందీ ఏం చేశారు?" అనగానే మాట పడిపోతుంది.

నాకూ పడిపోయింది. మొదటి ఉద్యోగం మారేటప్పుడు "ఏడాదిలో 200 మందిని నియమించాను" అని రాసుకున్నాను. ఇంటర్వ్యూ చేసిన పెద్దావిడ చాలా మర్యాదగా అడిగింది: "వాళ్లలో ఎంతమంది చేరారమ్మా? ఆరు నెలల తర్వాత ఎంతమంది ఉన్నారు?" నేను లెక్కపెట్టింది ఇంటర్వ్యూలకి పిలిచినవాళ్లని. చేరినవాళ్లు ఎంతమందో ఎప్పుడూ లెక్కపెట్టుకోలేదు. ఆ ఉద్యోగం రాలేదు. నిజానికి ఆ ఏడాది నేను బాగా పనిచేశాను, 40 మందికి పైగా చేరారు. 40 అని రాసి ఉంటే ఆవిడ ప్రశ్నలన్నిటికీ నా దగ్గర జవాబు ఉండేది. ఆ రోజు ఇంటికి వచ్చి పాత రిజిస్టరు ముందేసుకుని లెక్కపెడుతూ ఏడ్చాను.

కాబట్టి టెలికాలర్ అమ్మాయీ, నీ పని నువ్వు నాకు ఫోన్లో చెప్పినట్టే రాయి. రోజుకి 110 కాల్స్ చేస్తావు, 35 నుంచి 40 మంది ఎత్తుతారు, వెంచర్ చూడటానికి వారానికి ఆరు కుటుంబాలని సైట్ విజిట్‌కి తీసుకొస్తావు. రియల్ ఎస్టేట్ మార్కెటింగ్ ఆఫీసులో కూర్చున్న ఏ మేనేజరుకైనా ఆ "వారానికి ఆరు" చాలు, మిగతాది ఆయన లెక్కేసుకుంటాడు. కస్టమర్ల సంతృప్తిని మీ ఆఫీసులో ఎవరూ కొలవలేదు, అది తీసెయ్.

అంచనాగా రాయొచ్చా అని చాలామంది అడిగారు. రాయొచ్చు. "సుమారు" అని రాయండి, లేదా 35–40 అని రెండు అంకెలు ఇవ్వండి. ఏది రాయాలో తేలకపోతే చిన్నది రాయండి. మీ నోటి నుంచి అంతకంటే ఎక్కువ వస్తే వాళ్లు సంతోషిస్తారు, తక్కువ వస్తే మిగతా కాగితమంతా అనుమానంగా చూస్తారు.

ఇక రెండో రకం ఉత్తరాలు. "మేడమ్, నా పనిలో అంకెలే ఉండవు." ఇలా రాసినవాళ్లలో నరసరావుపేట దగ్గర ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పే టీచర్ ఒకరు. లెక్కల టీచర్ తన పనిలో అంకెలు లేవనడం చూసి మనసు చివుక్కుమంది. తన పనిని ఎవరూ ఎప్పుడూ లెక్కలోకి తీసుకోకపోతే మనిషి అలాగే అనుకుంటుంది. అమ్మా, మీరు నాలుగు సెక్షన్లకి చెప్తారు. సెక్షన్‌కి 38 మంది. అంటే పరీక్ష జరిగిన ప్రతిసారీ 152 పేపర్లు దిద్దుతారు, ఐదు రోజుల్లో మార్కులు ఇస్తారు. వెనకబడిన పిల్లలకి సాయంత్రం ఆరు నెలల పాటు విడిగా క్లాసులు తీసుకున్నానన్నారు, ఎంతమందికి? 14 మందికి. వీటిలో ఒక్కటీ మీ రెజ్యూమేలో లేదు. "అంకితభావం గల ఉపాధ్యాయురాలిని" అని మాత్రం ఉంది. స్కూలు ఫలితాల్లో నూటికి నూరు శాతం పాస్ అన్నది మాత్రం వేయకండి. ఆ మాట ప్రతి స్కూలు ఫ్లెక్సీ మీదా ఉంటుంది, అందులో మీ వంతు ఎంతో ఎవరికీ తెలియదు.

అంకె అంటే పెరిగినదీ తగ్గినదీ మాత్రమే కాదు. ఎన్ని, ఎంతసేపట్లో, ఎన్నిరోజులకోసారి, ఎంతమందితో, ఎంత డబ్బు మీ చేతి మీదుగా వెళ్తుంది, ఇవన్నీ అంకెలే. సున్నా కూడా అంకే. దానికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఒకటి వచ్చింది, విజయవాడలో టాలీ అనే అకౌంట్ల సాఫ్ట్‌వేర్ మీద పనిచేసే అకౌంటెంట్ అబ్బాయిది. అయితే అతని మొదటి కాగితంలో ఇంకో పెద్ద ప్రమాదం ఉంది. అంకెలు వేయాలన్న ఉత్సాహంలో తను పనిచేసే సంస్థ ఏడాది టర్నోవరు, ముగ్గురు పెద్ద కస్టమర్ల పేర్లు రాసేశాడు. మీ యజమాని లెక్కలు మీవి కావు. ఇక్కడి గుట్టు అక్కడ చెప్పినవాడు రేపు అక్కడి గుట్టు ఇంకోచోట చెప్తాడని కొత్త యజమాని అనుకుంటాడు. ఆయన అనుకోవడంలో తప్పేం లేదు. డబ్బు మొత్తాలు చెప్పకుండా బిల్లుల సంఖ్య చెప్తే చాలు. అతని పని ఇలా తేలింది (జీఎస్‌టీఆర్-1 అంటే అమ్మకాల రిటర్ను, 2బీ అంటే సరఫరాదారులు ఎక్కించిన బిల్లుల పట్టిక, 3బీ అంటే నెల పన్ను లెక్క తేల్చే రిటర్ను):

"నెలకి సుమారు 240 కొనుగోలు బిల్లులు ఎంట్రీ చేస్తాను. 11వ తేదీలోపు జీఎస్‌టీఆర్-1 వేస్తాను. 14న జీఎస్‌టీఆర్-2బీ రాగానే మా పుస్తకాలతో సరిచూసి, బిల్లు ఎక్కించని సరఫరాదారులకి ఫోన్ చేసి, 20లోపు 3బీ పూర్తి చేస్తాను. గత 18 నెలల్లో లేటు ఫీజు సున్నా."

ఆడిటర్ ఆఫీసులో ఎవరైనా ఈ నాలుగు వాక్యాలు చదివితే ఫోన్ చేయకుండా ఉండరు. 11, 14, 20 అనే తేదీలు తెలిసినవాడు ఈ పని నిజంగా చేసినవాడే. ఆ మూడు తేదీలు "జీఎస్‌టీ పరిజ్ఞానం కలదు" అన్న వాక్యం చేయలేని పని చేస్తాయి.

పరీక్షలు అయిపోయి మొదటి ఉద్యోగం వెతుక్కునే బీటెక్ పిల్లలకి ఒక మాట. ఈ నెల నాకు వచ్చినవాటిలో క్రెడిట్ కార్డు మోసాలను పట్టే ప్రాజెక్టు మూడింటిలో ఉంది. మూడింటిలోనూ "99 శాతం పైగా యాక్యురసీ" అని రాశారు. మీరు వాడిన డేటా నాకు తెలుసు, దేశమంతా అదే వాడుతున్నారు. అందులో 2,84,807 లావాదేవీలు ఉంటాయి, మోసాలు 492. అంటే వెయ్యికి రెండు కూడా లేవు. మీ ప్రోగ్రాం ఏమీ చూడకుండా ప్రతిదానికీ "మోసం కాదు" అని చెప్పినా 99.8 శాతం సరైన జవాబే అవుతుంది! ఒక్క దొంగనీ పట్టుకోదు, మార్కులు మాత్రం 99.8. ఇది తెలిసినవాళ్ల ముందు ఆ 99 శాతం మీకు మేలు చేయకపోగా, మీ ప్రాజెక్టు మీకే అర్థం కాలేదని చెప్తుంది. రాయాల్సింది ఇది: పరీక్షకి ఐదో వంతు డేటా పక్కన పెడితే అందులో 98 మోసాలు ఉన్నాయి. వాటిలో నా మోడల్ ఎన్ని పట్టింది, మంచివాళ్ల లావాదేవీలు ఎన్నిటిని పొరపాటున ఆపింది. 98లో 79 పట్టిందనుకోండి, 79 అనే రాయండి. తప్పిన 19 ఎందుకు తప్పాయో ఆలోచించుకుని వెళ్లండి. ఇంటర్వ్యూ అంతా ఆ 19 మీదే జరగొచ్చు. అలా జరిగితే సంతోషించండి.

ప్రాజెక్టు మీరు చేయలేదు, అమీర్‌పేటలో కొన్నారు అంటే దాన్ని రాయకండి. దీని గురించి ఇంతకంటే చెప్పను.

ఇప్పుడు సీజీపీఏ, అంటే అన్ని సెమిస్టర్ల గ్రేడ్ల సగటు, పదికి. ఇది నన్ను చాలా ఏళ్లుగా బాధపెడుతున్న విషయం. కాబట్టి ఓపికగా, కాగితం పెన్ను దగ్గర పెట్టుకుని చదవండి.

మీ మార్కుల మెమోలో సీజీపీఏ ఉంటుంది. కంపెనీ ఫారం శాతం అడుగుతుంది. మీరు పక్కవాడిని అడుగుతారు. ఒకడు పదితో గుణించమంటాడు, ఇంకొకడు 9.5తో గుణించమంటాడు. ఏది ఎక్కువ వస్తే అది వేస్తారు. ఇక్కడే ఉద్యోగాలు పోతున్నాయి.

ఆ 9.5 ఎక్కడిదో చెప్తాను. సీబీఎస్‌ఈ పదో తరగతిలో మార్కుల బదులు గ్రేడ్లు ఇచ్చిన రోజులు ఉన్నాయి. అప్పుడు అన్నిటికంటే పై గ్రేడు, అంటే 91 నుంచి 100 మధ్య వచ్చిన పిల్లల సగటు చూస్తే 95 దగ్గర తేలింది. ఆ గ్రేడుకి 10 పాయింట్లు. 95ని 10తో భాగించి 9.5 అన్నారు. అది సీబీఎస్‌ఈ పదో తరగతికి, ఆ గ్రేడ్ల కాలానికి చేసిన లెక్క. మీ ఇంజినీరింగ్‌కి దానితో ఏ సంబంధమూ లేదు. మీ డిగ్రీకి మీ యూనివర్సిటీ నిబంధనల్లో రాసినదే చెల్లుతుంది.

జేఎన్‌టీయూ హైదరాబాద్ నిబంధనల్లో ఉన్న సూత్రం ఇది: సీజీపీఏలోంచి 0.5 తీసేసి పదితో గుణించాలి. 7.5 వస్తే 70 శాతం. దేశంలో ఇంజినీరింగ్ చదువులను పర్యవేక్షించే ఏఐసీటీఈ ఇచ్చిన పట్టికలో 0.75 తీస్తారు, అందులో 6.75కి 60 శాతం. ఇప్పుడు ఒకే విద్యార్థిని తీసుకుందాం, సీజీపీఏ 6.4. పదితో గుణిస్తే 64. 9.5తో గుణిస్తే 60.8. 0.5 తీసే సూత్రంతో 59. 0.75 తీసే సూత్రంతో 56.5. మనిషి ఒక్కడే, మెమో ఒక్కటే, జవాబులు నాలుగు. మన క్యాంపస్ డ్రైవ్‌లలో ఎక్కువగా వినపడే గీత 60 శాతం. మొదటి రెండు లెక్కల్లో అతను గీతకి పైన ఉన్నాడు, తర్వాతి రెండింటిలో కింద ఉన్నాడు.

నేను పనిచేసిన ఒక కంపెనీలో ఇదే జరిగింది. ఒక అబ్బాయి ఫారంలో 60.8 అని వేశాడు. పరీక్ష రాశాడు, రెండు ఇంటర్వ్యూలు దాటాడు, బాగా చేశాడు. ఆఫర్ లెటర్ వెళ్లింది. చేరే ముందు సర్టిఫికెట్ల పరిశీలనలో అతని యూనివర్సిటీ సూత్రంతో చూస్తే 59 అని తేలింది. తెలియక వేశాడని నేను వాదించాను. తప్పు సమాచారం ఇచ్చాడన్నది వాళ్ల మాట. ఆఫర్ వెనక్కి తీసుకున్నారు. ఆ సాయంత్రం వాళ్ల నాన్న ఫోన్ చేసి, "అమ్మా, ఒక్క మార్కేనా?" అని అడిగారు. ఆయనకి ఏం చెప్పాలో నాకు తెలియలేదు. అతను 59 అనే వేసి, 60 గీత లేని కంపెనీలకి పెట్టుకుని ఉంటే, అంత బాగా ఇంటర్వ్యూ చేసినవాడికి ఇంకోచోట ఉద్యోగం వచ్చి ఉండేది. పైగా ఆ నెలల్లో వేరే అవకాశాలు వద్దనుకున్నాడు.

అందుకని చేయాల్సింది చెప్తున్నాను. రెజ్యూమేలో మార్చకండి. మెమోలో సీజీపీఏ ఉంటే సీజీపీఏ అనే రాసి పక్కన పదికి అని రాయండి: 6.4/10. ఇంటర్లో మార్కులు ఉంటే మార్కుల శాతం, పదిలో జీపీఏ ఉంటే జీపీఏ. మూడింటినీ ఒకే రకంగా కనిపించేలా చేయాలన్న ఆరాటం వద్దు. ఆన్‌లైన్ ఫారం శాతమే కావాలంటే, మీ బ్యాచ్‌కి వర్తించే నిబంధనల పుస్తకం యూనివర్సిటీ సైటులో ఉంటుంది, అందులో ఆ పేజీ తీయండి. నిబంధనలు కొన్నేళ్లకోసారి మారతాయి కాబట్టి సీనియర్ చెప్పిన సూత్రం మీకు వర్తించకపోవచ్చు. పేజీ దొరక్కపోతే కాలేజీ ఎగ్జామ్ బ్రాంచికి వెళ్లి అడగండి. దొరికాక దాన్ని ఫోన్లో దాచుకోండి, ఎవరైనా అడిగితే చూపించాలి. పాయింటు తర్వాత అంకెల్ని పైకి నెట్టకండి. 59.6 అంటే 60 కాదు.

బ్యాక్‌లాగ్‌లు, అంటే పాసవ్వకుండా మిగిలిన సబ్జెక్టులు, కూడా అంతే. ఉన్నాయా అని అడిగితే ఉన్నవి ఉన్నాయని చెప్పండి. అడగకపోతే రెజ్యూమేలో రాయనక్కర్లేదు.

ఉద్యోగం చేసినవాళ్లకి ఇదే జాగ్రత్త తేదీల్లో కావాలి. పీఎఫ్ కట్టిన ప్రతి ఉద్యోగంలో చేరిన తేదీ, మానేసిన తేదీ మీ యూఏఎన్ (ఉద్యోగాలు మారినా మారని పీఎఫ్ నంబరు) ఖాతాలో నమోదై ఉంటాయి. కొత్త కంపెనీ అడిగేది దాన్నే. రెండు నెలల ఖాళీ కనపడకుండా పాత ఉద్యోగాన్ని అటు ఒక నెల, ఇటు ఒక నెల సాగదీసినవాళ్లని చాలామందిని చూశాను. ఆ రెండు నెలల ఖాళీ గురించి ఎవరూ పట్టించుకోరు. సాగదీసింది బయటపడితే మాత్రం అందరూ పట్టించుకుంటారు. రాసే ముందు లాగిన్ అయి తేదీలు చూసుకోండి. అక్కడే తప్పుంటే ఇప్పుడే సరిచేయించుకోండి, దానికి సమయం పట్టొచ్చు.

చదువు, ప్రాజెక్టుల భాగం గురించి మిగిలింది కొంచెమే. కొత్తది పైన, పాతది కింద. ఉద్యోగం చేసి మూడేళ్లు దాటితే చదువు పేజీ అడుక్కి వెళ్తుంది, పదో తరగతి వివరం తీసేయొచ్చు. ప్రాజెక్టు ఒక్కటి చాలు, రెండు ఎక్కువే. ముగ్గురు కలిసి చేసిన ప్రాజెక్టు అయితే, అందులో మీరు చేసిన భాగం ఏమిటో దాని కింద ఒక్క వాక్యంలో చెప్పండి. చదువుని గళ్ల పట్టికలో పెట్టే అలవాటు మనవాళ్లలో చాలా ఉంది. నాకది ఇష్టం లేదు. పట్టికలు, రెండు వరసల డిజైన్లు కంపెనీల సాఫ్ట్‌వేర్ చదివేటప్పుడు కలగాపులగం కావచ్చు. మీది ఎలా ఉందో చూడాలంటే పీడీఎఫ్‌లో ఉన్నదంతా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పెట్టండి. చదవడానికి వరసగా వస్తే సరే, కాలేజీ పేరు ఒకచోట, సంవత్సరం ఇంకోచోట పడితే పట్టిక తీసేయండి. డిక్లరేషన్, తండ్రి పేరు, పెళ్లి వివరం ఇంకా కొందరి కాగితాల్లో ఉన్నాయి. వాటి గురించి రెండో పాఠంలో చెప్పేశాను.

అభ్యాసం. ఈసారి కష్టమైనదే ఇస్తున్నాను. వారం రోజులు పడుతుంది, పడనివ్వండి.

ఒక లాంగ్ నోట్‌బుక్ తీసుకుని పేజీ మధ్యలో నిలువుగా గీత కొట్టండి. ఎడమవైపు మీరు చేసిన పనులు ముప్పై రాయాలి, తెలుగులో, ఒక్కోదానిలో ఒక అంకె ఉండేలా. ముప్పై అంటే ముప్పై. పన్నెండు దగ్గర ఆగిపోతారు, అది మామూలే, మర్నాడు మళ్లీ కూర్చోండి. అసలు పనికొచ్చేవి ఇరవై తర్వాతే వస్తాయి. ముందు వచ్చేవి అందరికీ గుర్తుండే పెద్ద పనులు, తర్వాత వచ్చేవి మీరు రోజూ చేస్తూ పని అనుకోని పనులు. ఉద్యోగం చేయనివాళ్లు కాలేజీ నుంచి, ఇంటి నుంచి రాయండి. సాయంత్రాలు నాన్నగారి కిరాణా కొట్టులో కూర్చుని ఉంటే అది పనే. వీధిలో ఎనిమిది మంది పిల్లలకి ట్యూషన్ చెప్పి ఉంటే అదీ పనే.

కుడివైపు ఆ అంకెకి సాక్ష్యం రాయండి. రిజిస్టరు, మెయిలు, బిల్లు పుస్తకం, మార్కుల జాబితా, లేదా ఫోన్ చేస్తే అవునని చెప్పే మనిషి. కుడివైపు ఖాళీగా ఉన్న వరసలన్నీ కొట్టేయండి. ఎంత ముద్దొచ్చే వాక్యమైనా సరే కొట్టేయండి.

మిగిలినవాటిలోంచి ఆరు ఎంచుకోండి. ఒక్కోదానికీ నాలుగు ప్రశ్నలు వేసుకుని జవాబు ఫోన్లో రికార్డు చేయండి, ఒక్కోటి నిమిషం లోపు. మర్నాడు పొద్దున వినండి. ఎక్కడ మీ గొంతు తగ్గిందో అక్కడ అంకె తప్పని అర్థం, దాన్ని తగ్గించి మళ్లీ రాయండి. చివరగా మీతో కలిసి పనిచేసిన ఒకరికి ఆ ఆరు వాక్యాలూ చదివి వినిపించండి. ఇంట్లోవాళ్లకి కాదు, వాళ్లు అన్నిటికీ బాగుందంటారు.

నాకు రెజ్యూమే పంపకండి. ఆ ఆరు వాక్యాలు, వాటి సాక్ష్యాలు మాత్రం పంపండి, తెలుగులోనే. డిగ్రీ పూర్తయి రెండేళ్లు దాటనివాళ్లు వాటితో పాటు సీజీపీఏ సూత్రం ఉన్న నిబంధనల పేజీ ఫోటో కూడా పెట్టాలి. ఆరో పాఠం ఉద్యోగంలో వచ్చిన ఖాళీల గురించి. పిల్లలు పుట్టాక ఇంట్లో ఉండిపోయిన అమ్మాయిలు, గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతూ మూడేళ్లు గడిపినవాళ్లు తమ ఖాళీ ఏ నెల నుంచి ఏ నెల వరకో ఇప్పుడే రాసి ఉంచుకోండి.